ఊ కొట్టని కోడలు

నాకు ఓర్పు లేదని మా అత్తయ్య ఊరంతా చెప్పేది. నిజమే, లేదు. అయినా మూడు వారాలు ఆవిడ ఎదురుగా కదలకుండా కూర్చున్నాను. కాకపోతే నోరు మూసుకుని కూర్చోలేదు, అదే నేను చేసిన తప్పు.

మా అత్తయ్య అమృతమ్మకి పోయినేడాది పక్షవాతం వచ్చింది. అప్పట్నుంచి ఆవిడ మాట నాకు తప్ప ఎవరికీ అర్థం కాదు. విస్సన్నపేటలో ఉండే ఆవిడ అక్క సవరమ్మ ఫోన్లో రెండుసార్లు "ఏంటే, మళ్ళీ చెప్పు" అని, మూడోసారి ఊరుకుంటుంది. క్రిస్మస్ ముందు సవరమ్మ భర్త పోయాడు. అత్తయ్య వెళ్ళి మూడు రోజులు అక్క పక్కన కూర్చుంది గానీ, ఓదార్పుగా ఒక్క మాట అనలేకపోయింది. ఇంటికొచ్చాక నా దగ్గర ఏడ్చింది. ఆ మాట తనే చెప్పాలి, నేను చెబితే కుదరదట.

కాలేజీలో పరిశోధన చేసే ఉదయశ్రీ గారు ఒక ప్రోగ్రామ్ తయారుచేస్తున్నారు. అది ముద్దముద్దగా పలికే మాటని విని, అక్షరాలుగా మార్చి, స్పష్టంగా పైకి చదువుతుంది. ముందు ఆ మనిషి గొంతుతో మూడు వందల వాక్యాలు దానికి వినిపించాలి. మేం రసం మామిడికాయలు మాగబెట్టే గదిలో గడ్డి మీద కూర్చుని రికార్డు చేశాం. అక్కడికి ఆటోల మోత అంతగా రాదు.

మూడు వందలూ పంపించాక, సోమవారం పొద్దున్నే ఉదయశ్రీ గారు వచ్చారు.

"రోజీ గారూ, ఒక్క ఫైలూ పనికిరాలేదండీ. అన్నింట్లో మీ గొంతు కూడా ఉంది. రెండు గొంతులు కలిస్తే మెషీన్ నేర్చుకోలేదు."

"నేనేం మాట్లాడలేదండీ."

ఆవిడ వినిపించారు. అత్తయ్య నాలుగు మాటలు, నా "ఊ". మళ్ళీ నాలుగు మాటలు, మళ్ళీ "ఊ". నాకు ఒళ్ళు మండింది.

"ఊ కొట్టకపోతే మనిషి గోడకి చెప్పుకున్నట్టు ఉంటుందండీ. ముందు మీ మెషీన్‌కి మర్యాద నేర్పండి."

"శనివారంలోగా మళ్ళీ పంపండి. దాటితే ఇంకో ఏడాది ఆగాలి" అన్నారావిడ.

అత్తయ్య తల వంచుకుంది. అది చూసి నా కోపం నా మీదికే తిరిగింది. ఆవిడ పడ్డ కష్టాన్ని నేనే బూడిదలో పోసిన పన్నీరు చేశాను.

మళ్ళీ మొదలుపెట్టాం. నేను పెదాలు బిగించాను. మూడో మాటకే అత్తయ్య ఆగిపోయి, వింటున్నావా అని అడిగింది. తల ఊపాను. ఆవిడకి చూపు ఆనదు, లాభం లేకపోయింది. చివరికి ఆవిడ చెయ్యి నా ఒళ్ళో పెట్టుకుని, ఊ అనాల్సిన చోటల్లా వేళ్ళు నొక్కాను. మాట సాగింది. ఈసారి పగలూ రాత్రీ కూర్చుని శుక్రవారం సాయంత్రానికి మూడు వందలూ పూర్తిచేశాం.

జూన్‌లో ఉదయశ్రీ గారు ఆ ప్రోగ్రామ్‌ని మా ఫోన్లో వేశారు. సవరమ్మకి కలిపాను. అత్తయ్య ఒక్కో మాటా ఈడ్చుకుంటూ మాట్లాడింది. ఫోన్లోని గొంతు దాన్ని చదివింది.

"అక్కా, బావ పోయినప్పుడు నీ పక్కనే ఉన్నాను గానీ మాట రాలేదు. నువ్వు ఒంటరిదానివి కాదు. నేనున్నాను."

సవరమ్మకి వినపడిందో లేదోనని నేను ఫోన్ అందుకోబోతే అత్తయ్య నా చెయ్యి తోసేసింది.

"ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కి వస్తానే" అంది సవరమ్మ. "నా ఎదురుగా కూర్చుని మళ్ళీ చెప్పు. మెషీన్ అక్కర్లేదు. నువ్వేమంటున్నావో ఇప్పుడు నాకు తెలుసు."