కొండపసుపు మీద వ్యాసం

పసుపు పొట్లాలు కట్టే బొటనవేలిని ఫోను గుర్తుపట్టదు. ప్రసన్నలక్ష్మి వేలిని రెండుసార్లు కొంగుకి తుడుచుకుని మళ్ళీ పెట్టింది. ఊఁహూఁ. చివరికి అంకెలు నొక్కి తెరిచింది. ఎదురుగా గోనెపట్టా మీద పసుపు కుప్ప, పక్కన స్టాప్లరు, కొట్టు పేరు ఒడియాలో అచ్చేసిన కవర్ల కట్ట. మధ్యాహ్నం రెండున్నరయింది. అత్తగారు కమలాంబ ముందుగదిలో కునుకు తీస్తోంది. కూతురు బిందుశ్రీ కాలేజీ నుంచి రాలేదు. భర్త సాయిరాం కొట్లో ఉన్నాడు. రోజు మొత్తం మీద ఈ అరగంటే తనది. ఇవాళ డెబ్బైరెండో రోజు.

ఫేస్‌బుక్కులో ‘రోజుకో పేజీ’ అని తెలుగు ఆడవాళ్ళ గుంపు ఒకటుంది. వందరోజులు వరసగా ఒక ఫొటో పెట్టి, కింద మనసులో ఉన్న నాలుగు మాటలు రాయాలి. ఒక్కరోజు తప్పినా, పెట్టింది తీసేసినా లెక్క మళ్ళీ ఒకటి నుంచి. బహుమతి గిహుమతి ఏమీ లేదు. అయినా ఆ డెబ్బైరెండు అనే అంకె చూస్తే ప్రసన్నకి ఒళ్ళు పులకరిస్తుంది. ఇరవైమూడేళ్ళుగా ఈ ఇంట్లో తను పొయ్యి వెలిగించని పూట లేదు, ఆసుపత్రిలో ఉన్న వారం తప్ప. ఆ రోజుల్ని ఎవరు లెక్కపెట్టారు? తప్పిన వారాన్ని మాత్రం అత్తగారు ఇప్పటికీ తలుచుకుంటుంది. "ఆ వారం హోటలు ఇడ్లీ తిని నా కడుపు పాడైపోయిందమ్మి," అంటుంది.

ప్రసన్నది పాలకొండ. ఇంటర్ దాకా తెలుగులో చదువుకుంది. ఒడిశాలోని ఈ రాయగడకి కాపరానికి వచ్చిన కొత్తలో బస్సు బోర్డు దగ్గర్నుంచి మందుసీసా దాకా అన్నీ ఒడియా అక్షరాలే. గుండ్రంగా, అన్నీ ఒకే తల్లి పిల్లల్లా కనిపించేవి. ఏడాది తిరిగేసరికి ధారాళంగా చదవడం నేర్చుకుంది. గతిలేక నేర్చుకుందనే అనుకున్నారు అందరూ. సాయిరాం ఇక్కడే పుట్టి ఒడియా బడిలో చదివాడు. నోటికి తెలుగే గాని కంటికి తెలుగు ఆనదు. కమలాంబది వేలిముద్ర. బిందుకి అయిదేళ్ళప్పుడు ప్రసన్న ఒక పలక కొని అ, ఆలు దిద్దించబోయింది. "ఆ గుణింతాలు ఇక్కడ ఏ ఆఫీసులో పనికొస్తాయి? పిల్ల బుర్ర పాడుసెయ్యకు," అన్నాడు సాయిరాం. ఆ పలక కొట్టుకెళ్ళి ఉల్లిపాయల ధర రాసుకోడానికి పనికొచ్చింది. వాళ్ళ అక్షరాలు తను నేర్చుకుంది, తన అక్షరాలు వాళ్ళెవరూ నేర్చుకోలేదు. ఇందులో అన్యాయం ఉందని ఆమెకి చాలాకాలం తోచనే లేదు.

అందుకే ఆమె దాచుకోకుండా రాస్తుంది, ఎవరు పక్కన ఉన్నా ఆపదు. తొమ్మిదో రోజు గోంగూర కట్ట ఫొటో పెట్టి, ‘ఈ ఇంట్లో నాకు ఏడవడానికి స్నానాలగది తప్ప చోటు లేదు’ అని రాసింది. సాయిరాం భుజం మీంచి తొంగిచూసి, "ఏటి, గోంగూర పచ్చడా?" అన్నాడు. "ఆఁ, పచ్చడే," అంది. ఆ పూట లోలోపల నవ్వొచ్చింది. ఆ నవ్వు వెనకే భయమూ వచ్చింది. తర్వాత్తర్వాత ఆ రెండూ పోయి ఒక ఒంటరితనం పట్టుకుంది. ఇంటినిండా మనుషులుండగా నిలబడి గొంతెత్తి అరుస్తున్నా ఎవరూ తల తిప్పకపోతే ఎలా ఉంటుందో అలా ఉండేది. ఎప్పుడైనా దొరికిపోతే బాగుండునని కూడా అనిపించేది. ఒకసారి బిందు అనువాదం మీట నొక్కి పడీపడీ నవ్వింది. "అమ్మా, నీ పోస్టు ఇంగ్లీషులో ‘గాడిద స్టవ్వు మీద ఏడిసింది’ అని వచ్చింది. ఏటిది?" తనూ నవ్వేసింది. ఏం చెప్తుంది?

చదివేది ఒక్క మనిషి. గుణుపూరులో ఎవరో సూర్యకాంతమ్మట, పొలం పనులు చేసుకునే ఆవిడ. రోజూ సాయంత్రం ‘సదివేనమ్మీ’ అని ఒక్కమాట పెడుతుంది. మొహం ఎలా ఉంటుందో కూడా తెలీని మనిషి పెట్టే ఆ ఒక్కమాట కోసం ప్రసన్న దీపాలవేళ నుంచీ ఫోను కేసి చూస్తూంటుంది.

నిన్న డెబ్బై ఒకటో రోజు. పసుపు పొట్లాల ఫొటో పెట్టి ఇలా రాసింది: ‘గర్భసంచి తీయించుకుని ఇంటికొచ్చిన ఆరో రోజు. కుట్లు విప్పలేదు. మా ఆయన మంచం మీద పసుపు పళ్ళెం పెట్టి, స్టాప్లరు చేతికిచ్చి, కాళ్ళూ సేతులూ ఊరికే ఉంటే నొప్పి మరీ తెలుస్తాది అన్నారు. ప్రేమగానే అన్నారు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.’

సాయంత్రం టీ తాగుతూ సాయిరాం ఆ ఫొటో చూశాడు. కవరు మీద తన కొట్టు పేరు కనబడేసరికి మొహం చేటంత అయింది. "మన పసుపే! ఇన్నాళ్ళకి పనికొచ్చే పని సేసేవు," అని, ఆమె ఫోను తీసుకుని, ఆ పేజీని తన ఫోనుతో అలాగే ఫొటో తీసి, వర్తకుల సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. ‘మా కల్యాణసింగ్‌పూర్ కొండపసుపు మీద మా మిసెస్ రాసిన వ్యాసం’ అని పైన ఇంగ్లీషులో ఒక వాక్యం కూడా తగిలించాడు. ఆ గ్రూపులో పార్వతీపురం వాళ్ళున్నారు, బొబ్బిలి వాళ్ళున్నారు, విజయనగరం వాళ్ళున్నారు. వాళ్ళందరికీ తెలుగు వచ్చు. చపాతీ పిండి చేతుల్తో నిలబడ్డ ప్రసన్నకి ‘వద్దండీ’ అన్నమాట గొంతులోనే ఉండిపోయింది. నిజం చెప్పాలంటే, ఆ మాటని ఆమె గట్టిగా బయటికి తొయ్యనూ లేదు.

ఇప్పుడు వీధి తలుపు దభీమని తెరుచుకుంది. ఎన్నడూ మూడింటికి కొట్టు వదలని మనిషి చెప్పులతోనే వంటింటి దాకా వచ్చేశాడు.

"తాతారావు బాబాయి ఫోన్ సేసేడు, పార్వతీపురం నుంచి. ‘ఒరే సాయీ, నీ పెళ్ళాం రాసింది నువ్వు సదివేవా?’ అన్నాడు. సదివేననే సెప్పేను. ‘సదివే పెట్టేవా? సిగ్గులేదా?’ అని ఫోన్ పెట్టీసేడు. ఏటి రాసేవు నువ్వు?"

"పసుపు గురించేనండీ."

"పసుపుకి సిగ్గెందుకు? గ్రూపులో మొగోడన్నవాడు ఒక్కడూ మాటాడలేదు. ఆడోళ్ళేమో వరసగా దండాల బొమ్మలు పెట్టేరు."

కమలాంబ లేచి వచ్చింది. "నేను ముందే సెప్పేనురా, ఆ ఫోను కొంప ముంచుతాదని."

అప్పుడే బిందు వచ్చి సంచీ దింపింది. సాయిరాం తన ఫోను కూతురి మొహమ్మీద పెట్టాడు. "ఇది సదువమ్మి."

"నాకు తెలుగు రాదు గదా నాన్నా. నువ్వే వద్దన్నావట," అంది బిందు మామూలుగానే.

కొండ దిగివచ్చే వాళ్ళతో వాళ్ళ దేశియా మాటలోనే బేరమాడే మనిషి, సంఘంలో నలుగురికీ చెప్పే మనిషి, సొంత పెళ్ళాం రాసిన నాలుగు ముక్కల ముందు దిక్కుతోచక నిలబడ్డాడు. ప్రసన్నకి జాలేసింది. జాలిపడడం కూడా ఈ ఇంట్లో తన పనే.

"ఏదయితే అది, తీసీ. రేపట్నుంచి ఈ రాతలు బందు," అన్నాడు.

"తీసేస్తే లెక్క మళ్ళీ ఒకటి నుంచండీ."

"అయితే కొంపలంటుకుంటాయా? ముందు సదువు. ఏటి రాసేవో నీ నోటితో సదువు."

ఆమె తన ఫోను అందుకుంది. అబద్ధం నోట్లో సిద్ధంగానే ఉంది. కల్యాణసింగ్‌పూర్ పసుపు రంగెక్కువ, వాసనెక్కువ, బాలింతలకి మంచిది, అందుకే బాబాయిగారు సిగ్గుపడ్డారు. ఇంతే. అతను నమ్ముతాడు. నమ్మడానికి తయారుగా ఉన్నాడు కూడా. ఫోన్ చేసి బాబాయిని సముదాయిస్తాడు. రేపు డెబ్బైమూడో రోజు వస్తుంది, ఎల్లుండి డెబ్బైనాలుగోది. వందా నిండుతుంది. అంతా ఎప్పటిలాగే ఉంటుంది. గొడవ కంటే ఆ ఆఖరి సంగతే ఆమెని ఎక్కువ భయపెట్టింది.

బొటనవేలితో తెరని పైకి తోసింది. డెబ్బై ఒకటి దాటిపోయింది. నలభై దాటింది, గోంగూర కట్టా దాటింది. వేలు ఆగినచోట, పెరటి తీగ మీద ఆరేసిన నలుగురి బట్టల ఫొటో ఉంది.

"కూర్చోండి," అంది.

ఆమె అతన్ని కూర్చోమనేది అన్నం పెట్టేటప్పుడే. అలవాటు కొద్దీ పీట లాక్కుని కూర్చున్నాడు. కమలాంబ గుమ్మానికి ఆనుకుంది. బిందు తల్లి పక్కకి వచ్చి, తనకి రాని అక్షరాల వైపు చూస్తోంది.

"నిన్నటిది ఒక్కటీ చదివితే మీకు అర్థం కాదండీ. ఒకటో రోజు నుంచి చదువుతాను."

పైకి చదివింది: "‘ఇది మా ఇంట్లో ఎవరూ చదవలేరు. అందుకని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.’"