ఏం బిడ్డమ్మా?

ఆ వార్డులో అందరి మంచాల పక్కనా ఉయ్యాలలున్నాయి. బస్సు కండక్టరమ్మ మంచం పక్కన మాత్రం ఒక స్టీలు బల్ల, దానిమీద ఫ్లాస్కు. ఏడో నెలలో కడుపులోనే ప్రాణం పోయిన బిడ్డను నిన్న ఆమెకు మత్తిచ్చి, ఆపరేషన్ చేసి తీశారు. తీసి, ఆమెను తెచ్చి బాలింతల మధ్య పడుకోబెట్టారు. ఆసుపత్రివాళ్ళకు మంచాలు లేవనుకోవాలో, కళ్ళు లేవనుకోవాలో!

ఆమెకు ఏడుపు రావడం లేదు. లోపలంతా మొద్దుబారిపోయింది. తెలుసుకోవాలని ఉన్నది ఒక్కటే: పుట్టింది ఆడా, మగా? మత్తు దిగేలోపే బిడ్డను తీసుకుపోయారు.

పొద్దున నర్సును అడిగింది. "మీవాళ్ళకి చెప్పాం కదమ్మా," అంటూ సూది పొడిచి ఆవిడ తన దారిన తాను పోయింది. తర్వాత వచ్చిన డాక్టరమ్మ కేసు కాగితంలోంచి తలెత్తకుండానే, "మీ అత్తగారికి అన్నీ వివరంగా చెప్పాను. నువ్వు రెస్టు తీసుకో," అంది. కడుపు ఈమెది, వివరాలు ఆవిడకి! మొగుణ్ణి అడిగితే కిటికీ వైపు తిరిగి, "ఇప్పుడవన్నీ ఎందుకులే," అన్నాడు. వాళ్ళమ్మ ఒట్టు వేయించుకుందని అతని వాలకమే చెప్పింది.

అత్తగారు చెడ్డమనిషేం కాదు. తెలిస్తే బిడ్డ కళ్ళముందు మెదులుతుంది, తెలియకపోతే కోడలు తొందరగా మరిచిపోతుందని ఆవిడ ఉద్దేశం. ఆవిడకున్న జబ్బల్లా ఒకటే, ఎవరేం చెప్పినా సరిదిద్దకుండా ఉండలేదు. కోడలు మంగళవారమంటే ఆవిడ బుధవారమంటుంది, ఖర్మకొద్దీ అది బుధవారమే అవుతుంది. ఒకసారి కోడలి బస్సే ఎక్కి, ఆమె అరిచిన స్టాపు పేరును ప్రయాణికులందరి ముందూ సరిదిద్దింది.

మధ్యాహ్నం పక్క మంచం బాలింతను చూడటానికి ఒక ముసలావిడ వచ్చింది. మనవణ్ణి ముద్దులాడి, ఊరుకోలేక ఇటు తిరిగింది.

"నీకేం బిడ్డమ్మా?"

ఈ మాట అడిగిన వాళ్ళలో ఈవిడ మొదటిది కాదు. ప్రతిసారీ కండక్టరమ్మ మొహం తిప్పుకుంది. ఈసారి ఎందుకో నోరు దానంతటదే కదిలింది. ఏదో ఒకటి అనాలి కదా.

"ఆడపిల్లండీ."

అత్తగారు ఫ్లాస్కు మూత బిగిస్తోంది. తల కూడా ఎత్తలేదు.

"కాదే, మగపిల్లాడు. అచ్చం నీ పోలికే..."

అప్పటికిగాని తానేమందో ఆవిడకు తెలియలేదు. మూత చేతిలోంచి జారి మంచం కిందికి దొర్లిపోయింది. ముసలావిడకు ఉయ్యాల ఎక్కడా కనబడలేదు. నెమ్మదిగా మనవడి వైపు తిరిగింది.

మగపిల్లాడు. తన పోలిక. కండక్టరమ్మ పైకప్పు వంక చూస్తూ, ఇప్పుడైనా ఏడుపు వస్తుందేమోనని ఎదురుచూసింది. రాలేదు.

"అత్తయ్యా, జుట్టుందా?"

అత్తగారు మూత కోసం వంగి, చాలాసేపు మంచం కిందే ఉండిపోయింది.

"ఉంది," అంది అక్కడినుంచే. "నల్లగా. బోలెడు."