కాళ్ళెత్తే సాయం

పొద్దున్నే ఏ ఇంట్లోనైనా కనిపించే దృశ్యమే ఇది. ఇల్లాలు హాలు తుడుస్తూ వస్తుంది. ఇంటాయన కుర్చీలో కూర్చుని ఏదో చదువుకుంటూ ఉంటాడు. తడి మాప్ కుర్చీ దగ్గరికి రాగానే ఆవిడ "కాళ్ళు" అంటుంది. ఆయన కాగితం మీంచి కళ్ళు తియ్యకుండా రెండు కాళ్ళూ పైకెత్తుతాడు. మాప్ అటు వెళ్ళగానే దించుతాడు. ఇందులో తప్పేముందండీ అని మీరడగవచ్చు. అబ్బే, తప్పని ఎవరన్నారు? మన కథలోని పెద్దమనిషి కూడా ఏళ్ళ తరబడి అది ఇల్లాలికి తను చేస్తున్న సాయమనే అనుకున్నాడు.

ఆయన ఉద్యోగమేమిటో చెబితే మీకు నవ్వొస్తుంది. ఇల్లు తుడిచే మాప్‌లు తయారుచేసే కంపెనీలో సేల్స్ మేనేజరు. ఊరూరా తిరిగి లక్షల మాప్‌లు అమ్మించాడు గానీ, ఒక్క గదైనా తుడిచి ఎరగడు.

ఆ రోజు కాళ్ళెత్తి ఆయన చదువుతున్నవి ఇంగ్లీషు మాటలు. పెదవులు కదుపుతూ, బడిపిల్లాడిలా ఊగుతూ వల్లె వేస్తున్నాడు.

"మార్కెట్ రీసెర్చ్ అంటే సరుకు వాడేవాళ్ళకి ఏం కావాలో కనుక్కోవడం. రెస్పాండెంట్ అంటే మనం అడిగితే జవాబు చెప్పే మనిషి. ఫీడ్‌బ్యాక్ అంటే... ఫీడ్‌బ్యాక్ అంటే..."

"నాన్నా, నా పరీక్షలకి నేను కూడా ఇంత గట్టిగా చదవలేదు" అంది కాలేజీకి తయారవుతున్న కూతురు.

"నీకేమమ్మా, నువ్వు ఫెయిలైతే మళ్ళీ రాసుకుంటావు. నాకు మళ్ళీ లేదు."

ఆ మాట నవ్వుతూనే అన్నాడు గానీ, అది నిజమే. పెద్ద పెద్ద షాపులు నడిపే ఒక సంస్థ వాళ్ళ దగ్గర్నుంచి కబురొచ్చింది. మీ మాప్ అమ్మకాలు పడిపోతున్నాయి, ఎందుకు పడిపోతున్నాయో, ఏం చెయ్యబోతున్నారో వచ్చి చెప్పండి, లేకపోతే అరల్లోంచి తీసేస్తాం అన్నారు. చెప్పడమంతా ఇంగ్లీషులోనే. వాళ్ళు తీసేస్తే కంపెనీలో మాప్ సెక్షన్ మూతపడుతుంది. అక్కడ పనిచేసేవాళ్ళలో సగం మందిని పిలిచి పనిలో పెట్టించింది ఈయనే. పొద్దున్నే "సార్, నమస్తే" అనే ఆ ముఖాలకి ఏం జవాబు చెప్పాలో తెలియక ఆయనకు నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదు.

అందుకే కంపెనీ యజమాని సాయంత్రం పూట ఇంగ్లీషు క్లాసులు పెట్టించాడు. యజమానిని అందరూ పెద్దసారు అంటారు. పాఠం చెప్పడానికి వచ్చేది ఒక మేడమ్. మనిషి పొట్టి, గొంతు గట్టి. తప్పు మాట్లాడితే తిట్టదు, నవ్వుతుంది. ఆ నవ్వుకి జడిసే అందరూ చదువుతున్నారు.

ఆ సాయంత్రం మేడమ్ బోర్డు మీద ఒక కొండ గీసింది.

"సరుకు బజార్లోకి వస్తుంది, పెరుగుతుంది, నిలబడుతుంది, తర్వాత దిగుతుంది. దీన్నే ప్రొడక్ట్ లైఫ్ సైకిల్ అంటారు. మీ మాప్ ఇప్పుడు ఎక్కడుంది?"

"ఇదిగో, జారుడుబండ మీద ఉంది మేడమ్" అన్నాడు అకౌంటెంటు. అందరూ నవ్వారు. సేల్స్ మేనేజరు మాత్రం నవ్వలేదు.

"రంగు మారుద్దాం. కొత్త ప్రకటన వేద్దాం" అన్నాడు వెనక వరసలో కూర్చున్న పెద్దసారు. ఆయనకు పాత ప్రకటన అంటే మహా ఇష్టం. పెళ్ళికి తయారైనట్టు ముస్తాబైన అమ్మాయి, వేలి కొసలతో మాప్ పట్టుకుని పళ్ళన్నీ కనబడేలా నవ్వుతుంటుంది. కింద 'ఒక్క తుడుపు, ఇల్లంతా మెరుపు' అని రాసి ఉంటుంది.

"ముందు వాడేవాళ్ళు ఏమంటున్నారో తెలియాలి కదా" అంది మేడమ్. "ఇది మీ ఇంటిపని. మీ ఇంట్లో మాప్ వాడే మనిషిని రెస్పాండెంటుగా తీసుకుని నాలుగు ప్రశ్నలు తెలుగులో అడగండి. జవాబులు ఇంగ్లీషులో చెప్పండి. రేపు వింటాను."

మర్నాడు ఒక్కొక్కరే లేచి గడగడా చెప్పేశారు. అకౌంటెంటు భార్య 'హైలీ శాటిస్‌ఫైడ్'. గోడౌను ఆయన తల్లి 'వెరీ హ్యాపీ'. మన సేల్స్ మేనేజరు ఇల్లాలైతే కర్ర, గుడ్డ, రంగు, ధర అన్నింటికీ 'ఎక్సలెంట్' అనేసిందట. ఉచ్చారణ కూడా బాగా కుదిరిందని ఆయనకే ముచ్చటేసింది.

మేడమ్ చేతులు కట్టుకుని ఆయన వంక చూసింది. "చాలా బాగుంది సార్. ఇంతకీ ఆవిడ తెలుగులో ఏ మాట అన్నారు?"

"అంటే... బాగుందనే..."

"ఎప్పుడన్నారు? ఆవిడ అన్నది అన్నట్టు చెప్పండి."

ఆయన చేతిలో కాగితం అటూ ఇటూ తిప్పాడు. చూడబోతే ఆయన అసలు అడగనే లేదు! పొద్దున బస్సులో కూర్చుని, బాగుందనే అంటుంది కదా, వేరే అడగడమెందుకు అని తనే జవాబులు అల్లేశాడు. పక్కకి చూశాడు. అకౌంటెంటు బూట్లు చూసుకుంటున్నాడు. గోడౌను ఆయన కిటికీ చూస్తున్నాడు. అందరిదీ అదే బాపతు!

"ఆవిడకేం తెలుస్తుంది మేడమ్, నేనే చెప్పేశా" అని గొణిగాడు అకౌంటెంటు.

మేడమ్ పడీపడీ నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "సరే, మరి మీ కంపెనీ పోయినేడు చేయించిన సర్వేలో ఎవర్ని అడిగారు?" అంది.

ఆ సర్వే చేయించింది సేల్స్ మేనేజరే. షాపుల దగ్గర నిలబడి, మాప్ కొని డబ్బులిచ్చేవాళ్ళని అడిగించాడు. అడిగిన వాళ్ళలో ముప్పాతిక మంది మగవాళ్ళు. అందరూ బాగుందన్నారు. బాగుందనక ఏమంటారు? వాళ్ళూ కాళ్ళెత్తేవాళ్ళే కదా. ఆ సంగతి అప్పుడు తట్టింది మన పెద్దమనిషికి.

ఇంటికెళ్ళేసరికి భార్య అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆవిడ ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగి. పొద్దున ఇల్లు తుడిచి వెళ్ళి, రోజంతా నిలబడి పనిచేసి వస్తుంది.

"ఏమోయ్, మన మాప్ ఎలా ఉంది?" అన్నాడు ఆయన, గొంతు సవరించుకుని.

ఆవిడ లేచొచ్చి ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "జ్వరమేం లేదే! ఒంట్లో బాగానే ఉందా మీకు?"

"నిజంగానే అడుగుతున్నాను. చెప్పు."

"ఇన్నేళ్ళకి అడిగారు. చెప్పేది ఎందుకు, మీరే చూడండి." వంటింటి తలుపు వెనకనుంచి రెండు మాప్‌లు తెచ్చి ముందు పెట్టింది. ఒకటి మొన్ననే ఆయన కంపెనీ నుంచి తెచ్చిన కొత్తది. రెండోది రోజూ వాడేది. దాని కర్ర చివర ఒక ప్లాస్టిక్ పైపు ముక్క తొడిగి, పాత చీర అంచుతో గట్టిగా కట్టి ఉంది. ఆ పైపు ముక్కని ఆయన చూడకపోలేదు. కర్ర విరిగిందేమోననుకుని కొత్త మాప్ తెచ్చిపడేసేవాడు. తెచ్చిన ప్రతిదానికీ మళ్ళీ అదే పైపు ముక్క ఎక్కేది. ఎందుకని మాత్రం ఎన్నడూ అడగలేదు.

"కొత్తదాంతో హాలు తుడవండి" అంది ఆవిడ.

"ఇప్పుడా? నేనా?"

"మీరే. ఎక్సలెంట్ మాప్ కదా!" అంది కూతురు. తండ్రి ఫోనులో ఎవరికో క్లాసు సంగతి చెబుతుంటే వినేసినట్టుంది. తల్లీ కూతుళ్ళు సోఫాలో సర్దుకుని కూర్చున్నారు.

ఆయన ప్యాంటు పైకి మడిచి మొదలుపెట్టాడు. సోఫా దాకా బాగానే వచ్చాడు. బల్ల కిందికి మాప్ పోనిచ్చేసరికి నడుం వంగింది. వంగిన నడుం వంగినట్టే ఉండిపోయింది. హాలు సగం కాకముందే "అమ్మో" అని గోడ పట్టుకున్నాడు.

"కర్ర పొట్టిగా ఉందేమిటే?"

"ఇవాళ పొట్టిదయిందా? ఎన్నో ఏళ్ళుగా పొట్టిదే" అంది ఆవిడ.

ఆయనకు గుర్తొచ్చింది. ఎప్పుడో ఒక మీటింగులో, కర్ర కాస్త కోస్తే పెట్టె చిన్నదవుతుంది, వ్యానులో ఎక్కువ పెట్టెలు పడతాయి అని ఎవరో అంటే, చప్పట్లు కొట్టినవాళ్ళలో తనూ ఉన్నాడు. వ్యాను గురించి ఆలోచించారు, పెట్టె గురించి ఆలోచించారు. పట్టుకునే మనిషికి నడుం ఉంటుందని మాత్రం ఆ గదిలో ఒక్కరికీ తోచలేదు.

"ఇంత బాధ పెట్టుకుని నాకెందుకు చెప్పలేదు?"

"ఎవరడిగారని చెప్పను? పొద్దున లేస్తే మాప్‌ల గురించే మాట్లాడతారు. తుడిచే మనిషి ఎదురుగా ఉన్నా కనిపించదు."

"అదేమిటే, నేను నీకు సాయం చెయ్యటం లేదా? నువ్వు రాగానే కాళ్ళెత్తుతూనే ఉన్నాను కదా!"

తల్లీ కూతుళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ఆయనకు మొదట కోపం వచ్చింది, తర్వాత సిగ్గేసింది, చివరికి తనూ నవ్వేశాడు.

"ఆ ప్రకటనలో పిల్ల సంగతి కూడా రాసుకోండి" అంది ఆవిడ. "నవ్వుతూ తుడిచేది ఎవరండీ? తుడిచాక నవ్వొస్తే అదే గొప్ప."

మర్నాడు ఆయన పైపు ముక్క మాప్ భుజాన వేసుకుని ఆఫీసుకి వెళ్ళాడు. పెద్దసారు దాన్ని చూసి మండిపడ్డాడు. "మన సరుక్కి చీర పీలికలు కడతారా? పరువు తీశారు గదయ్యా!"

"సార్, ఒక్క మాట. ఇంట్లో మన మాప్ ఎలా ఉందో అడిగి చూడండి."

పెద్దసారు విసురుగా వెళ్ళాడు గానీ, మర్నాడు వచ్చేటప్పుడు ఆ విసురు లేదు. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అన్నాడు. "మా ఇంట్లో అసలు మన మాప్ లేదయ్యా. పనిచేసే ఆవిడ ఎప్పుడో మూలన పడేసిందట. వంగి వంగి చావలేనని తన డబ్బుల్తో వేరే కంపెనీది కొనుక్కుందట. మా ఆవిడకీ తెలుసు. నాకొక్కడికే తెలీదు!" కాసేపు బల్ల మీద వేళ్ళు ఆడించి, "కర్ర పొడుగు పెంచినా పెట్టె పెంచక్కర్లేదు. కర్రని రెండు ముక్కలు చేసి మర పెడదాం. ఇంటికి తీసుకెళ్ళి బిగించుకుంటారు" అన్నాడు. చూశారా, మనిషి మొండివాడే గానీ, విన్నాక బుర్ర బాగానే పనిచేస్తుంది.

పెద్ద షాపుల వాళ్ళ ఆఫీసులో ఆ రోజు అద్దాల గది, చల్లటి గాలి. బల్లకి అవతల కొనుగోళ్ళు చూసే అధికారిణి కూర్చుంది. మన పెద్దమనిషి లేచి నిలబడ్డాడు. వల్లె వేసిన మాటలన్నీ పిట్టల్లా ఎగిరిపోయాయి. లైఫ్ సైకిల్ లేదు, రెస్పాండెంట్ లేదు. సెక్షన్‌లో వాళ్ళ ముఖాలు కళ్ళముందు తిరిగాయి. ఇక లాభం లేదనుకుని పైపు ముక్క మాప్‌నీ, కొత్తగా చేయించిన మర కర్ర మాప్‌నీ తీసి బల్ల మీద పెట్టాడు.

వచ్చీరాని ఇంగ్లీషులోనే చెప్పాడు. "మేము తప్పు మనిషిని అడిగాం. కొన్నవాళ్ళని అడిగాం. తుడిచేవాళ్ళని అడగలేదు. ఇది నా భార్య చేసింది. మా కంపెనీకి వచ్చిన మొదటి ఫీడ్‌బ్యాక్ ఇది. ఏళ్ళుగా మా ఇంట్లోనే ఉంది. నేను చదవలేదు."

అధికారిణి లేచి వచ్చి కొత్త మర కర్ర బిగించి, ఆ గదిలోనే ఒక వార తుడిచింది. నిటారుగా నిలబడే తుడిచింది. తర్వాత పైపు ముక్కని, చీర ముడిని వేలితో తడిమి చూసి, చిన్నగా నవ్వింది. "కొన్ని షాపుల్లో పెట్టి చూద్దాం. నడిస్తే అన్నింట్లోనూ పెడతాం" అంది.

నడిచింది. నవ్వే అమ్మాయి బొమ్మ పోయి, పొడుగాటి కర్ర బొమ్మ, దాని కింద 'నడుం వంచక్కర్లేదు' అన్న ఒక్క మాట వచ్చాయి. కొన్నాళ్ళకి మాప్ సెక్షన్‌లో రెండో షిఫ్టు మొదలైంది. "సార్, నమస్తే" అన్నవాళ్ళకి ఆయన ఇప్పుడు నిండుగా నమస్తే చెబుతున్నాడు.

ఆఖరి క్లాసు రోజున పెద్దసారు బలవంతం మీద మేడమ్ నాలుగు మాటలు మాట్లాడింది.

"మీకు చాలా ఇంగ్లీషు మాటలు నేర్పాను. సగం మరిచిపోతారు, ఫరవాలేదు. అవన్నీ ఒక్క పని కోసం పుట్టిన మాటలు. ఎదుటి మనిషిని అడగడం కోసం. కష్టపడే మనిషి తరఫున కష్టపడని మనిషి జవాబు చెప్పేయడం మనకి అలవాటైపోయింది. వ్యాపారంలో అలా చేస్తే సరుకు మూలన పడుతుంది. ఇంట్లో అలా చేస్తే మనిషి మూలన పడుతుంది. అడగండి. విన్నది విన్నట్టు నమ్మండి."

అందరూ చప్పట్లు కొట్టారు. సేల్స్ మేనేజరు మాత్రం కొట్టకుండా ఏదో ఆలోచిస్తూ ఇంటికెళ్ళాడు.

మర్నాడు పొద్దున ఆ ఇంట్లో హాలు తుడుస్తున్నది ఆయనే. కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నది ఆవిడ. మాప్ కుర్చీ దగ్గరికి రాగానే ఆయన "కాళ్ళు" అన్నాడు.

ఆవిడ పేపరు మీంచి కళ్ళు తియ్యకుండా రెండు కాళ్ళూ పైకెత్తింది.

"చూశారా, మీకు ఎంత సాయం చేస్తున్నానో!"

ఆయన మాప్ మీద ఆనుకుని మరీ నవ్వాడు. నవ్వి, ఆవిడ చూపించిన మూలని మళ్ళీ తుడిచాడు. చదివే మీకూ, రాసే నాకూ ఆ ఇల్లు చెప్పేది ఇదే: పని ఎలా ఉందో ఆ పని చేసే మనిషినే అడగాలి, అడిగాక ఆ పనిలో మనమూ ఓ చెయ్యి వెయ్యాలి.