వదులు కాని ఇరుసు

లింగప్ప ఊరూరా తిరిగి సైకిల్ ఆట ఆడేవాడు. జనం ఆగేది మాత్రం ఒంటిచక్రం సైకిల్ కోసమే. దానితో ఒకటే తంటా. పెడల్ ఉండే కడ్డీని, అంటే క్రాంకును, ఇరుసుకు పట్టి ఉంచే పిన్ను నెల తిరక్కుండా వదులైపోయేది. దాన్ని మళ్లీ దిగగొట్టాలంటే ఇద్దరు కావాలి. ఒకరు క్రాంకు కింద ఇనుపదిమ్మె ఆనించి కదలకుండా పట్టుకోవాలి, ఇంకొకరు సుత్తితో కొట్టాలి.

పదిహేనేళ్లుగా ఆ పట్టుకునే మనిషి అతని భార్య నీలావతి. ఇక తిరగలేనని ఆమె ధర్మవరంలో చెల్లెలి ఇంట్లో మగ్గం మీద కూర్చున్నాక కూడా ఆ పని ఆమెదే. నెలకోసారి లింగప్ప చక్రాన్ని బస్సు మీద వేసుకుని వెళ్లేవాడు. పట్టుకోవడానికి అతను మకాం ఉండే పెనుకొండ బస్టాండులో మనుషులే లేరా అంటే, కావలసినంత మంది ఉన్నారు. పిచ్చివాడు గంటన్నర బస్సులో ఊగుతూ పోయేది పది నిమిషాలు ఆమె ఎదురుగా కూర్చోవడానికి.

తొంభై ఆరు ఎండాకాలంలో రొద్దంలో ఆడుతుండగా పిన్ను జారింది. కింద పడి మోచెయ్యి చీరుకుపోయింది. కట్టు చూసి నీలావతికి కోపం వచ్చింది.

"హిందూపురం పోయి లేత్‌లో గట్టిగా చేయించుకో. ప్రతిసారీ ఇంత దూరం ఎందుకు?"

హిందూపురంలో లేత్ తిమ్మప్ప క్రాంకును ఆడించి చూశాడు.

"మామూలు సైకిల్లో కాలు ముందుకే తోస్తాది. దీన్ని ఆపాలన్నా కాలే కదప్పా. ముందుకొక తోపు, వెనక్కొక తోపు. పిన్ను యాడ నిలుస్తాది?"

పాత లారీ ఇరుసు ముక్క ఒకటి తీశాడు. చక్రం నడిమి హబ్బూ ఇరుసూ విడివిడిగా కాదు, ఒకే ముక్కలో తీస్తానన్నాడు. రెండు కొసలూ నలుపలకలుగా, చివరికి సన్నబడేలా దిద్ది, అదే కొలతకు రంధ్రం చేసిన క్రాంకు తొడుగుతాడట. బోల్టు బిగించేకొద్దీ అది కరుచుకుంటుందట.

లింగప్ప అడిగాడు, "రవ్వంత వదులు పెట్టేకి కాదా?"

ముప్పై ఏళ్లలో అలాంటి బేరం తిమ్మప్ప వినలేదు. "పడి చస్తావప్పా," అని మిషను వేశాడు.

ధర్మవరంలో ఈసారి లింగప్ప చక్రాన్ని పట్టుకుంటే, నీలావతి గోడ ఆసరాతో క్రాంకు మీద ఎక్కి నిలబడింది. బలంకొద్దీ ఊగింది. కదల్లేదు. ఆమె ముఖం తేలికపడింది. అది చూసి లింగప్పకు సంతోషమూ కలిగింది, దిగులూ పుట్టింది.

"బాగా చేసినాడు. ఇంక పడవు," అంది.

"నెలకోసారి బోల్టు బిగించాలంట." అది నిజమే, తిమ్మప్ప చెప్పాడు.

మగ్గం వైపు పోతున్న నీలావతి ఆగింది. "దానికి ఇంకో మనిషి పట్టుకోవాల్నా?"

అవునంటే చాలు. ఆమె పోయి తిమ్మప్పను అడగబోదు. నెలనెలా ఆ పది నిమిషాలు ఎప్పటికీ అతనివే అవుతాయి. కానీ పదిహేనేళ్లు ఆ చక్రం కింద చేతులు పెట్టిన మనిషితో, దాని గురించే అబద్ధమాడటానికి నోరు రాలేదు.

"అక్కర్లేదు," అన్నాడు. "నేనొక్కణ్ణే బిగించుకోవచ్చు."

నీలావతి తలూపి, మగ్గం గుంటలోకి కాళ్లు దించింది.