కాగితపు వాకిలి

ఆసుపత్రి దుప్పటి మడతపెట్టాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఆ కొస హలీనా పట్టుకుంది, ఈ కొస నోలా ప్రెండర్‌గాస్ట్ పట్టుకుంది. ఇద్దరూ ఒక్కసారి విదిలించి, దగ్గరికొచ్చి, కొసలు కలిపి, మళ్ళీ వెనక్కి జరిగారు. ఆ శుక్రవారం ఉదయం ఏడున్నరకే అలా నలభై దుప్పట్లు అయ్యాయి. నోలా మనసు మాత్రం ఒక్క దుప్పటి మీదా లేదు.

"గాలి పెరిగింది కదూ?" అంది.

హలీనా కిటికీ వైపు చూడనైనా చూడలేదు. "ఇందాకే అడిగావు. లేదన్నాను."

"రేడియోలో ఉత్తరపు గాలి అన్నారు. రేపు మధ్యాహ్నానికి బాగా వీస్తుందట."

"వీస్తే వీచనీ. దుప్పట్లు త్వరగా ఆరతాయి."

హలీనాతో వచ్చిన చిక్కే ఇది. పోలండు నుంచి వచ్చి పద్దెనిమిదేళ్ళయినా ఆమెకి ఈ దేశపు ఫుట్‌బాల్, బంతిని చేత్తో పట్టి ఆడే, గోలుకి ఆరు పాయింట్లిచ్చే ఆట, పట్టలేదు. గిల్‌బర్రా ఊళ్ళో అలాంటి మనిషిని ఇంకొకరిని చూపించడం కష్టం. రేపు మోర్‌డన్ జట్టుతో ఫైనలు. గిల్‌బర్రా కప్పు గెలిచి ముప్పై ఒక్క ఏళ్ళు. గోధుమ గోదాముల దగ్గర, బేకరీలో, చర్చి మెట్ల మీద వారం రోజులుగా వేరే మాట లేదు. మోర్‌డన్ జట్టులో ఆరున్నర అడుగుల మనిషి ఒకడున్నాడు. వాడు బంతి కోసం గాలిలోకి లేస్తే దిగేసరికి సాయంత్రం అవుతుందని జోకు. ఆ జోకుకి నవ్వినవాళ్ళ మొహాల్లో కూడా నెత్తురు చుక్క లేదు.

నోలాకి అరవై రెండేళ్ళు. పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. ఇరవై ఆరేళ్ళు లాండ్రీ ఆవిరిలో ఉడికిన మొహం ఎప్పుడు చూసినా అప్పుడే స్నానం చేసి వచ్చినట్టు ఎర్రగా ఉంటుంది. బ్లీచింగు తినేసిన గోళ్ళు సగమే మిగిలాయి. మోకాళ్ళ నొప్పుల వల్ల రెండు చేతుల్లో నీళ్ళ బకెట్లు ఉన్నట్టు పక్కలకి ఊగుతూ నడుస్తుంది. భర్త పోయి పదకొండేళ్ళయింది, పిల్లలు లేరు. ఆమెది అనదగ్గది ఈ లోకంలో ఒకటే, గిల్‌బర్రా జట్టు బ్యానరు.

ఆట మొదలయ్యే ముందు ఆటగాళ్ళు మైదానంలోకి పరిగెత్తుకుంటూ వస్తారు. వాళ్ళకి అడ్డంగా రెండు గడల మధ్య పెద్ద కాగితపు తెర ఎత్తి పట్టుకుంటారు. నీలం, పసుపు రంగుల పల్చటి క్రేప్ కాగితం పట్టీలు టేపుతో అతికి, మీద అక్షరాలు కోసి అంటించి, ఆడవాళ్ళు నాలుగు సాయంత్రాలు నేలమీద మోకరిల్లి తయారుచేస్తారు. కెప్టెన్ దాన్ని భుజంతో చీల్చుకుంటూ లోపలికి వస్తాడు. అంతే, దాని బతుకు అంతవరకే.

"చింపడానికేగా చేసేది? దానికి ఇంత బెంగేమిటి?" అని హలీనా అడిగింది ఒకసారి. అలా అడిగేవాళ్ళకి చెప్పి ప్రయోజనం లేదనుకుంది నోలా.

బెంగ ఉంది మరి. మూడేళ్ళ కిందట గాలికి బ్యానరు ఆటగాళ్ళు రాకముందే చిరిగి, పీలికలై, కంచె దాటి పోయింది. మోర్‌డన్ వాళ్ళు పడీపడీ నవ్వారు. దాంతో మరుసటి ఏడు నోలా పట్టుదలగా రెండు వరసలు ఎక్కువ టేపు వేసింది. ఆసారి కాగితం చిరగలేదు. కెప్టెన్ గ్రేమ్ మెల్డ్రమ్ పూర్తి వేగంతో వచ్చి దాన్ని ఢీకొని, అందులో చుట్టుకుని, కింద పడ్డాడు. మెడ కింద ఎముక విరిగింది. కెప్టెన్ లేని జట్టు నాలుగు పాయింట్ల తేడాతో ఓడింది.

నోలాని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అదే ఆమెకి పెద్ద శిక్ష అయింది. ఆమె బేకరీలోకి అడుగుపెడితే మాటలు వాతావరణం మీదికి మళ్ళేవి. ఈ ఏడు కూడా బ్యానరు పని తనకే ఇచ్చారని తెలిసి ఆమె రాత్రంతా ఏడ్చింది, సంతోషంతోనే.

తొమ్మిదింటికి వంటింటి గుమ్మంలో మాంసం వ్యాను ఆగింది. మెల్డ్రమ్‌కి కసాయి దుకాణం ఉంది, ఆసుపత్రికి సరుకు అతనే తెచ్చిస్తాడు. ఎడమ భుజం ఇప్పటికీ కుడిదానికంటే వేలెడు కిందకి ఉంటుంది. పెట్టె దించి లాండ్రీలోకి తొంగిచూశాడు.

"ఏం మిసెస్ పీ, రేపు నాకు వాకిలి పెట్టారా, గోడ కట్టారా?"

"పోవయ్యా! ఊదితే చిరుగుతుంది."

"అలాగైతే సరే. మా ఆవిడ నన్ను హెల్మెట్ పెట్టుకోమంటోంది."

వేళాకోళానికే అన్నాడు. మంచివాడు. అతను వెళ్ళాక నోలా ఇస్త్రీ చేసే రోలరులోకి ఇంకో దుప్పటి తోసింది. ఎడమ చెయ్యి బరువుగా ఉంది. ఫైనలు ముందు తనకెప్పుడూ ఇంతే, ఒంట్లో ఏదో ఒకటి పట్టేస్తుంది అనుకుని చెయ్యి విదిలించుకుంది.

పదకొండింటికి పొడుగు దుప్పట్లు వచ్చాయి, ఆపరేషన్ గదివి. నోలా తన కొస పట్టుకుని అంచు కోసం తడిమింది. అంచు కుట్టు చేతికి తగల్లేదు.

"అది అంచు కాదు తల్లీ, మడత. రోలరులోంచి మడతపడే వచ్చింది. తిప్పు," అంది హలీనా.

నోలా చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది.

నిన్న సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక ఆమె బ్యానరు పరిచిన ఊరి హాల్లో ఒక్కతే ఆగింది. ఉత్తరపు గాలి మాట రేడియోలో విన్నది అప్పుడే. గడ కట్టే అంచు ఇంకాస్త గట్టిగా ఉండాలని, దారాలు కలిసిన టేపు, పార్సిళ్ళకి వేసేది, పైనుంచి కింద దాకా మూడు పట్టీలు వేసింది. హాలు వెడల్పు చాలక బ్యానరుని సగానికి మడిచి పరిచారు. గడల వైపు అంచు కుడిచేతి పక్కన ఉంటుంది. తను వేసింది ఎడమచేతి పక్కన. అక్కడ ఉన్నది అంచు కాదు, మడత. బ్యానరుకి నట్టనడుమ. కెప్టెన్ దూసుకురావాల్సిన చోట.

అక్కడ ఉత్త కాగితం తప్ప ఏమీ ఉండకూడదు. బ్యానరు పనిలో మొదటి పాఠం అది. రెండోసారి కూడా మెల్డ్రమ్‌కి తనే గోడ కట్టింది. అదీ ఆ టేపుతో. దాన్ని గుర్రం కూడా తెంపలేదు.

"ఏమైంది? పాలిపోయావు," అంది హలీనా.

"ఏం లేదు. టీ తాగలేదు పొద్దున్నించి."

పని రెండింటికి అవుతుంది. మిగిలిన మూడు గంటలూ నోలా ముళ్ళ మీద నిలబడ్డట్టే గడిపింది. కత్తెరతో కోసేస్తే? కాగితం కూడా తెగుతుంది, ఆ కోత దగ్గరే గాలి పట్టుకుంటుంది. పీకేస్తే? క్రేప్ కాగితం టేపుతో పాటే ఊడి వస్తుంది. కొత్తది చెయ్యడానికి నాలుగు సాయంత్రాలు కావాలి, చేతిలో ఉన్నది ఒక్కటి. తనతో కలిసి బ్యానరు చేసిన బెరిల్‌కి చెప్పేద్దామా అని ఒకసారి అనిపించింది. చెప్పాక బెరిల్ ఏమీ అనకుండా చూసే చూపు గుర్తొచ్చి ఆ ఆలోచన మానుకుంది. చివరికి దారి చూపించింది చేతిపనే. దిండు గలీబుల మీద అంటించిన వార్డు చీటీల జిగురు ఇస్త్రీపెట్టె వేడికి మెత్తబడుతుంది, మచ్చ లేకుండా ఊడివస్తుంది. ఇరవై ఆరేళ్ళుగా ఆమె చేస్తున్నది అదే. నీళ్ళు తగిలితే క్రేప్ రంగు కారుతుంది కాబట్టి ఆవిరి పనికిరాదు, పొడి వేడే పెట్టాలి. కాగితానికీ పెట్టెకీ మధ్య గుడ్డ వెయ్యాలి.

చిన్న ఇస్త్రీపెట్టెని తువ్వాలులో చుట్టి సైకిలు బుట్టలో పెట్టుకుంది.

సెప్టెంబరులో గిల్‌బర్రాలో సైకిలు తొక్కాలంటే నెత్తిన ఐస్‌క్రీం డబ్బా ఉండాల్సిందే. మ్యాగ్‌పైలు అనే నలుపూ తెలుపూ పెద్ద పిట్టలు గూళ్ళు పెట్టే కాలం, ఎవరి నెత్తి కనిపించినా తన్నుకు వస్తాయి. నోలా డబ్బా మర్చిపోయింది. యూకలిప్టస్ చెట్ల దగ్గర ఒకటి వెనక నుంచి వచ్చి చెవి పక్కన టక్కున ముక్కు కొట్టి పోయింది. మోర్‌డన్ జట్టు పేరు కూడా మ్యాగ్‌పైలే. వేరే రోజైతే ఆ సంగతి వారం పాటు చెప్పుకుని నవ్వేది. ఇవాళ ఆమెకి అది శకునంలా తోచింది.

హాలు తాళంచెవి బెరిల్ టూయీ దగ్గర ఉంటుంది. డెబ్భై ఏళ్ళ బెరిల్ రేపటి టీ కోసం కేకు ముక్కలని చాక్లెట్‌లో ముంచి కొబ్బరిలో దొర్లిస్తోంది. మోచేతుల దాకా కొబ్బరే.

"తాళంచెవి ఎందుకే ఇప్పుడు? పని నిన్ననే అయిపోయిందిగా!"

"ఊరికే. ఒకసారి చూసుకుందామని."

"చూసుకోవడానికి అదేమన్నా ఉయ్యాల్లో పిల్లా? ముట్టుకోకే నోలా. నీ చెయ్యి ఊరుకోదు. దండం పెడతాను, ముట్టుకోకు."

"ముట్టుకోను బెరిల్."

"ఒట్టు?"

"ఒట్టు."

అబద్ధపు ఒట్టు వేసి తాళంచెవి అందుకుంది. మొహం కడుక్కున్నట్టు చెమట పట్టి ఉండటం బెరిల్ చూసింది కానీ, సైకిలు తొక్కి వచ్చిందిలే అనుకుంది.

హాల్లో ప్లగ్గు వేదిక పక్కన ఉంది. ఇస్త్రీపెట్టె వైరు అక్కడినుంచి బ్యానరు దాకా అందలేదు. అందుకని ఆమె బ్యానరునే జరపాల్సి వచ్చింది. కాగితం తేలికే కానీ టేపు బరువు, అంత వెడల్పున నలగకుండా జరపడం నలుగురి పని. నోలా మోకాళ్ళ మీద పాకుతూ ఈ మూల ఒక జానెడు, ఆ మూల ఒక జానెడు లాగింది. దానికే ముప్పావుగంట పట్టింది. మధ్యలో రెండుసార్లు ఛాతీ పట్టేసినట్టయి నేలకి చెంప ఆనించి పడుకుంది. పడుకున్నంతసేపూ రేపటి ఆటే. టాస్ గెలిస్తే మెల్డ్రమ్ ఉత్తరం వైపు తీసుకోవాలి, ఆట నాలుగు భాగాల్లో మొదటి క్వార్టర్‌లోనే గాలి వాటంలో నాలుగు గోల్స్ కొట్టాలి. ఆ పొడుగువాణ్ణి నేలమీద ఆడించాలి. అవన్నీ తర్వాత. ముందు మెల్డ్రమ్ కింద పడకుండా లోపలికి రావాలి.

పెట్టె వేడెక్కింది. తువ్వాలు పరిచి, పది లెక్కపెట్టి, తీసి, టేపు కొసని మిగిలిన సగం గోటితో లేపింది. లేచింది! ఒక్కో అంగుళమే వచ్చింది. ఒకచోట నీలం కాగితం పీచులా టేపుకి అంటుకుపోతే ఆమె ఊపిరి బిగబట్టింది. చిల్లు పడలేదు. మొదటి పట్టీ, రెండో పట్టీ వచ్చేశాయి. ఊడిన టేపు వేళ్ళకి చుట్టుకుని వదలకపోతే దాన్ని దాని మీదే చుడుతూ పోయింది. మూడోది సగంలో ఉండగా ఎడమ చెయ్యి అసలు లేవడం మానేసింది. మిగతాది కుడిచేత్తో, పళ్ళతో తీసింది. అంతా అయ్యాక కిటికీ వెలుగులో బ్యానరు నడుమ భాగాన్ని అరచేత్తో నిమిరింది. ఉత్త కాగితం. అవతల వెలుగు కనిపిస్తోంది. ఆమెకి ఎంత సంతోషమయిందంటే, ఖాళీ హాల్లో పైకే నవ్వింది.

ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసింది. లాండ్రీ మనిషి అది మరిచిపోదు. తర్వాత వేదికకి వీపు ఆనించి, కాసేపు కూర్చుందామని కూర్చుంది.

ఐదున్నరకి తాళంచెవి కోసం బెరిల్ వచ్చేసరికి ఆమె అలాగే కూర్చుని ఉంది. చెయ్యి అప్పటికే చల్లబడింది.

డాక్టరు వచ్చి వెళ్ళాక బెరిల్‌కి నేలమీద తువ్వాలూ ఇస్త్రీపెట్టె కనిపించాయి. బ్యానరు వెనక పక్క మడత పొడుగునా మూడు చారలు కనిపించాయి. టేపు లేచిన గుర్తులు అవి. ఎక్కడ లేచిందో చూసి ఆమెకి అంతా అర్థమైంది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. మెల్డ్రమ్‌కి కూడా.

శనివారం రేడియో చెప్పినట్టే గాలి లేచింది. గడకి నలుగురేసి మగవాళ్ళు నిలబడ్డారు. బ్యానరు పొట్ట ఉబ్బి, వెనక్కి వంగి, మళ్ళీ నిలబడింది. నోలా కోసం అందరూ చేతికి నల్ల పట్టీలు కట్టుకుని ఉన్నారు. మెల్డ్రమ్ దూరం నుంచి పరిగెత్తుకొచ్చాడు. వస్తూ వస్తూ ఒక్క క్షణం ఎడమ భుజాన్ని వెనక్కి లాక్కోవడం బెరిల్ చూసింది. ఆమె కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి అతను ఇవతల ఉన్నాడు. నట్టనడుమ నిలువునా చీలిన కాగితంలోంచి మిగతావాళ్ళు వరసగా వస్తున్నారు, ఇంట్లోంచి వీధిలోకి వచ్చినంత సులువుగా.

గిల్‌బర్రా పదకొండు పాయింట్ల తేడాతో ఓడింది. వారం పాటు ఊళ్ళో అందరూ కారణాలు వెతికారు. అంపైరు గుడ్డివాడన్నారు. టాస్ పోవడమే దెబ్బతీసిందన్నారు, ఆ పొడుగువాడు మనిషే కాదన్నారు, చివరి క్వార్టర్‌లో ఎదురుగా ఉన్న గోలు తప్పిందన్నారు. బెరిల్ బేకరీలో వరసలో నిలబడి ప్రతి మాటా చెవులు రిక్కించి విన్నది. బ్యానరు మాట ఒక్కరి నోటా రాలేదు.

వారం తిరిగాక ఆదివారం ఆమె ఒక్కతే వెళ్ళి హాలు ఊడ్చింది. వేదిక కింద చీపురుకి ఏదో తగిలితే వంగి తీసింది. అది పిడికెడంత టేపు ఉండ, బిగుతుగా చుట్టింది, నీలం కాగితపు పీచులతో, ఒక పక్క నాలుగు వేళ్ళు నొక్కిన గుంటలతో, ఇంకా జిగురు ఆరకుండా.