షాకౌ రేవులో విందు

చక్రవర్తి ఆజ్ఞ ప్రకారం విదేశీ ఓడలు కాంటన్ రేవుకు తప్ప ఇంకెక్కడికీ రాకూడదు. అందుకే షాకౌ వర్తకుడు చియు మావోదే తన తేయాకును ఫూజియన్ కొండలు దాటించి అంత దూరం మోయించేవాడు. చేరేసరికి సగం ఆకు బూజు పట్టేది. షాకౌ రేవునూ విదేశీ ఓడలకు తెరవమని వర్తకులంతా అర్జీ పెట్టుకున్నారు. ఈ ఏడూ కాదంటే మాత్రం తండ్రి నాటిన తేయాకు తోట పీకేసి చిలగడదుంప వేసుకోవాల్సిందే. పిల్లల కడుపు నింపడానికి చియుకు మరో దారి లేదు.

విచారణకు రాష్ట్రాధికారి స్వయంగా వస్తున్నాడని కబురొచ్చింది. ఇక చూడాలి షాకౌ వాళ్ల హడావుడి! పస్తులుంటున్నామని అర్జీ రాసినవాళ్లే బాతులు కోయించారు, నాటకం వాళ్లను పిలిపించారు.

"మామా, గిడ్డంగులు ఖాళీగానే ఉన్నాయిగా. ఉన్నదున్నట్టు చూపిద్దాం," అన్నాడు చియు.

వర్తక సంఘం పెద్ద ఝాన్ కళ్లెర్రజేశాడు. "మతి పోయిందట్రా నీకు? అంతటి దొర గుమ్మంలోకొస్తే బోడి గోడలు చూపిస్తావా? తాతల పరువు తియ్యకు. పెట్టెల్లో ఊక పోయించు, పైన గుప్పెడు ఆకు పరిపించు."

చియు అలాగే చేయించాడు. అతిథి ముందు లేమి బయటపడితే తల తీసేసినట్టుంటుంది ఆ ఊరివాళ్లకు, అతనూ ఆ ఊరివాడేగా. ఇంట్లో మిగిలిన కాస్త తొలిచిగురు ఆకునూ విందుకే పట్టుకెళ్లాడు.

అధికారి తృప్తిగా భోంచేశాడు. గిడ్డంగుల్లో కప్పుదాకా పేర్చిన పెట్టెలు చూశాడు. చియు పోసిన టీ తాగి హాయిగా కళ్లు మూసుకున్నాడు. ఆ కాసేపూ చియు ఆశకు పట్టపగ్గాల్లేవు.

"ఇంత కళకళలాడే ఊరికి పరదేశుల పీడ ఎందుకయ్యా?" అన్నాడు అధికారి. "పస్తులని రాశారే, నాతో వేళాకోళమా?"

చియు మోకాళ్ల మీద పడ్డాడు. "దొరా, ఆ పెట్టెల్లో..."

"నోర్ముయ్యరా! ఊక సంగతి తెలిస్తే అందరి తలలూ లేచిపోతాయి," అంటూ ఝాన్ చెవిలో గొణిగి అతని భుజం నొక్కాడు. చియు క్షమాపణ అడుగుతున్నాడనుకున్నాడు అధికారి.

"సరే, శిక్షించనులే. అర్జీ మాత్రం కొట్టేస్తున్నాను," అన్నాడు అధికారి. "ఈ టీ ఎవరి తోటది?"

"నాదేనండి."

"అమోఘం! ఏటా తొలిచిగురు మా కచేరీకి కానుకగా పంపు. ఒక్క మొక్క ఎండినా పూచీ నీదే."

వర్తకులంతా నేలకు నుదురు ఆనించి దణ్ణం పెట్టారు. చియు కూడా పెట్టాడు.

ఇంటికి రాగానే భార్య ఎదురొచ్చింది. "ఏమన్నారు? తోట పీకెయ్యాల్సిందేనా?"

"పీకడానికీ వీల్లేదే ఇక. అది దొరగారి కానుక తోటయిపోయింది," అంటూ చియు అరుగు మీద కూలబడి ఏడ్చేశాడు.

"మరి పిల్లలకేం పెట్టమంటారు?" అందామె.