వంతు కోటు

దుప్పటి ఒక కొస ఆమె చేతిలో ఉంటుంది, రెండో కొస అవతలి మనిషి చేతిలో. ఇద్దరూ ఒక్కసారి విదిలించి, అంచులు సరిచేసి, ఇస్త్రీ రోలరు నోటికి అందించాలి. ఏమాత్రం వంకరగా అందించినా ఆ యంత్రం దుప్పటిని నమిలి ముడతలుగా కక్కుతుంది. అప్పుడు మళ్ళీ తడుపు, మళ్ళీ మొదలు. తెల్లవారుతున్నప్పటి నుంచీ ఆమె అందిస్తూనే ఉంది. బయట కుళాయి నీళ్ళు గడ్డకట్టే చలి, లోపల పెనం మీద నిలబెట్టినట్టు వేడి. ఈ ఊళ్ళో మధ్యరకం అంటూ ఏదీ దొరకదని ఆమెకు వచ్చిన కొత్తలోనే అర్థమైంది.

హోటల్ లాండ్రీలో అందరూ ఆమెను టీచర్ అంటారు. ఇక్కడికి రాకముందు ఒక ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదని ఎవరికో నోరు జారింది, ఆ పేరు అలా అతుక్కుపోయింది. ముప్పై దాటాక, ఉన్న ఉద్యోగం మానుకుని, బ్యాంకు అప్పు తీసుకుని, పీజీ చదవడానికి ఇంత దూరం వచ్చింది. ఎప్పటికైనా ఒక ప్రయోగశాలలో తెల్లకోటు వేసుకుని నిలబడాలని ఆశ. ప్రస్తుతానికి తెల్ల దుప్పట్లు దొరికాయి.

విద్యార్థులు వారానికి ఇన్ని గంటలే పనిచేయాలని నియమం. ఆ గంటల కూలి గది అద్దెకు సరిగ్గా సరిపోతుంది. తిండి కూడా తినాలనిపిస్తే అంతకు మించి పనిచేయాలి. మించి పనిచేస్తే చదువు మాన్పించి పంపేస్తారు. ఈ నియమం రాసినవాడెవడో కడుపునిండా తిని కూర్చుని రాసుంటాడని ఆమె నమ్మకం.

టీ విరామంలో ఫోను మోగింది. బావ. అక్క మొగుడు, అప్పుకు హామీ సంతకం పెట్టినవాడు. సంతకం పెట్టిన చెయ్యి ఇప్పటికీ నొప్పెడుతున్నట్టు మాట్లాడతాడు.

"ఏమ్మా, స్టైపెండ్ మొదలైందా?"

"అది పీహెచ్‌డీ వాళ్ళకి బావగారూ. మాకుండదు."

"అదేంటమ్మా, మా ఆఫీసులో ఒకాయన కొడుకు వెళ్ళిన ఏడాదికే కారు కొన్నాడట."

"అదృష్టవంతుడు."

"నువ్వు కూడా కాస్త ప్రయత్నం చెయ్యమ్మా మరి."

ప్రయత్నం. దూరపు కొండలు నునుపని ఊరికే అనలేదు. ఈ కొండ మీద ఎక్కడ చెయ్యి వేసినా గీరుకుపోతోందని ఆయనకు చెప్తే, "అయితే దిగి రామ్మా" అంటాడు. దిగి వస్తే అప్పు కూడా వెంటే వస్తుంది కదా అంటే మాట మార్చేస్తాడు. ఆమె ఒళ్ళు మండుతుండగానే "సరే బావగారూ" అని ఫోను పెట్టేసింది.

పని అయ్యేసరికి మధ్యాహ్నం కావచ్చింది. ఆమె మేకు మీది కోటు తీసి తొడుక్కుంది. ఆ కోటు సంగతి చెప్పాలి.

ఆవపిండి రంగులో, దుప్పటంత బరువుగా ఉంటుంది. పాత బట్టల కొట్లో, తనూ, తన గదిలో ఉండే పొడుగుపిల్లా చెరిసగం వేసుకుని కొన్నారు. పొడుగుపిల్ల అంటే పేరుకు తగ్గట్టు తాటిచెట్టే. ఇరవై మూడో ఇరవై నాలుగో ఉంటాయి. యూనివర్సిటీలోనే పీజీ చదువుతూ, సాయంత్రం దాకా ఒక పెద్ద క్యాంటీన్ వంటింట్లో దుంపలు తోముతుంది. ఆ కోటు టీచర్‌కు మోకాళ్ళు దాటుతుంది, పొడుగుపిల్లకు చేతులు మణికట్టుకు పైనే ఆగిపోతాయి. ఇద్దరిలో ఎవరికీ సరిపోదు కాబట్టే ఇద్దరికీ పనికొస్తుంది. ఊడిపోయిన గుండీ దగ్గర పిన్నీసు పెట్టారు.

పొద్దున కోటు టీచర్‌ది. మధ్యాహ్నం యూనివర్సిటీ దగ్గరి బస్టాపులో పొడుగుపిల్ల చేతికి మారుతుంది. గది ఆ వెనక వీధిలోనే కాబట్టి ఆ పిల్ల స్వెట్టరుతో పరుగెత్తుకొచ్చి, కోటు తొడుక్కుని క్యాంటీన్ బస్సెక్కుతుంది. చీకటి పడే వేళకు అదే బస్టాపులో మళ్ళీ టీచర్‌ది. అప్పుడు ఆమె ఒక ఆఫీసు ఊడ్చి తుడవడానికి పోవాలి. వంతు తప్పకూడదు. ఇంకో కట్టడి కూడా ఉంది. కోటు ఇచ్చేవాళ్ళు ఖాళీ జేబుతో ఇవ్వకూడదు. ఎవరు పెట్టారో ఇద్దరికీ గుర్తులేదు గానీ శాసనంలా నడుస్తోంది. టీచర్ హోటల్లో ఎవరో వదిలేసిన బిస్కెట్ల పొట్లమో, పంచదార పొట్లాలో పెడుతుంది. పొడుగుపిల్ల క్యాంటీన్ నుంచి రెండు కాల్చిన బంగాళాదుంపలు కాగితంలో చుట్టి తెస్తుంది. ఒకటి కోటు జేబులో, ఒకటి తనకు. ఆ వేడి దుంప బస్సులో టీచర్ చేతులకు కుంపటి, దిగేటప్పటికి రాత్రి భోజనం.

ఈవేళ మాత్రం టీచర్ జేబులో ఏమీ పెట్టలేదు. సూపర్‌వైజర్ ఆఖరి నిమిషంలో ఇంకో తోపుడుబండి దుప్పట్లు తెచ్చిపెట్టాడు. బిస్కెట్ల పొట్లం వెతికే తీరిక లేదు. సరే, బస్టాపుకు పరుగెత్తితే అక్కడ పొడుగుపిల్ల లేదు.

అది ఈవేళ ఆలస్యం చేయడమేమిటన్నదే ఆమె కోపం. ఈవేళ ఆ పిల్ల జాతకం తేలే రోజు. దాని ఫీజు ఆఖరి వాయిదా బాకీ పడింది. కట్టకపోతే పరీక్షకు రానివ్వరు. ఉన్న దారల్లా యూనివర్సిటీ వారి కష్టకాలపు నిధి. దాన్ని ఇచ్చే ఆఫీసరమ్మ ఈవేళ మాట్లాడటానికి రమ్మంది. అలా అని పొడుగుపిల్లే చెప్పింది.

ఆ నిధికి ఒక చమత్కారం ఉంది. ఇక్కడికి వచ్చేటప్పుడు చేతినిండా డబ్బుండి, తర్వాత అనుకోని దెబ్బ తగిలినవాళ్ళకే ఇస్తారు. మొదటినుంచీ లేనివాళ్ళకు ఇవ్వరు. లేనివాళ్ళకు లేకపోవడం ఎలాగూ అలవాటే కదా అని కాబోలు.

వచ్చేటప్పుడు ఎవరి చేతినిండా ఉంది కనుక. ఏడాది ఖర్చులకు సరిపడా సొమ్ము ఖాతాలో ఉందని చూపిస్తేనే వీసా. అందుకని ఊళ్ళో ఏజెంటు సొమ్ము తెచ్చి ఖాతాలో వేస్తాడు. కొన్నాళ్ళు అది అక్కడ నిద్ర చేస్తుంది. కాగితం చేతికి రాగానే వడ్డీతో సహా తీసుకుపోయి ఇంకొకరి ఖాతాలో పడుకోబెడతాడు. పెళ్ళికి అరువు తెచ్చిన నగ లాంటిది. మెడలో ఉన్నంతసేపూ అందరూ చూస్తారు, దిగిన రాత్రే పెట్టెలో పెట్టి ఇచ్చేయాలి. టీచరూ అలాగే వచ్చింది, పొడుగుపిల్లా అలాగే వచ్చింది.

అందుకే టీచర్ పది రోజులుగా ఆ పిల్లకు పాఠం చెప్పినట్టు చెప్పింది. "మామయ్య వ్యాపారం చేసేవాడు, డబ్బు ఆయనదే, వ్యాపారం దెబ్బతింది, పంపలేకపోతున్నాడు. ఇంతే. ఇంతకు మించి ఒక్క ముక్క మాట్లాడకు." పొడుగుపిల్లకు మామయ్య ఉన్నమాట నిజమే. పిల్లికి బిచ్చం పెట్టే రకం కాదు. అయితేనేం, అబద్ధంలోనైనా ఒకసారి దాతగా బతకనీ అనుకున్నారు ఇద్దరూ.

ఎట్టకేలకు పొడుగుపిల్ల వచ్చింది. స్వెట్టరులో చేతులు దోపుకుని, తల వంచుకుని.

"ఏమే, ఈవేళ కూడా ఇంతేనా? నా క్లాసు పోతోంది, నీ ఆఫీసరమ్మ ఎదురుచూస్తూ కూర్చుంటుందా?"

"సారీ అక్కా. గది సర్దుతున్నాను."

"ఎన్నడూ లేంది ఈరోజే ముంచుకొచ్చిందా నీకు శుభ్రం? పాఠం గుర్తుందా?"

"ఉందక్కా."

"చెప్పు."

"మామయ్య వ్యాపారం దెబ్బతింది."

"కాస్త ఏడుపు మొహం పెట్టి చెప్పు. పెళ్ళిపిలుపులా చెప్తున్నావు."

ఆ పిల్ల నవ్వింది. కోటు తొడుక్కుని, అలవాటు కొద్దీ జేబులో చెయ్యి పెట్టింది. ఏమీ తగల్లేదు. మెల్లగా చెయ్యి తీసేసుకుంది. టీచర్‌కు చివుక్కుమంది గానీ, ఆలస్యంగా వచ్చినందుకు తగిన శాస్తేలే అని సర్దిచెప్పుకుని క్లాసుకు పరుగెత్తింది.

క్లాసులో వేడిగాలి తగిలేసరికి నిద్ర ముంచుకొచ్చింది. ముందు బెంచీల వాళ్ళు ప్రశ్నలు అడుగుతున్నారు. తనూ ఒకప్పుడు బోర్డు దగ్గర నిలబడి, వెనక బెంచీల్లో కునికేవాళ్ళ మీదకు సుద్దముక్క విసిరిన మనిషే. ఇక్కడి ప్రొఫెసరు మర్యాదస్థుడు, విసరడు. విసిరినా బాగుండేదని ఆమెకు అనిపించింది. ఇంత అప్పు చేసి కొన్న పాఠం కళ్ళముందే ఆవిరైపోతుంటే ఎవరి మీద విసుక్కోవాలో తెలియలేదు. తన మీద తనే విసుక్కుంది.

సాయంత్రం మళ్ళీ బస్టాపు. పలచని స్వెట్టరులో నుంచి గాలి సూదుల్లా దిగుతోంది. ఆఫీసుకు పోవాల్సిన బస్సు ఒకటి వెళ్ళిపోయింది. ఈ పిల్లను కన్నవాళ్ళకు మొక్కాలి అనుకుంటూ, పళ్ళు టకటకలాడుతుండగా, రాగానే ఏమేమి తిట్టాలో వరసగా పేర్చుకుంది.

పొడుగుపిల్ల అవతలి వీధి మలుపులో కనిపించింది. ఒంటి మీద కోటు లేదు. మడిచి చేతి మీద వేసుకుంది. రెండో చేత్తో పెద్ద పెట్టె ఈడ్చుకొస్తోంది.

పేర్చుకున్న తిట్లన్నీ నోట్లోనే ఉండిపోయాయి.

"ఏంటే ఇది?"

"ముందు కోటేసుకో అక్కా, వణికిపోతున్నావు."

"ఆఫీసరమ్మ ఏమంది?" కోటు తొడుక్కుంటూనే అడిగింది టీచర్.

"అది ఈవేళ కాదక్కా. పోయిన వారమే అయిపోయింది. నువ్వు తిడతావని చెప్పలేదు."

మధ్యాహ్నం క్యాంటీన్‌కు వెళ్ళి రావాల్సిన జీతం తీసుకుందట. గది తాళంచెవి ఇంటివాళ్ళకు ఇచ్చేసిందట. విమానాశ్రయానికి పోయే బస్సు ఇక్కడే ఆగుతుందట. ఒక్కొక్కటీ నెమ్మదిగా చెప్పింది.

"నేను చెప్పమన్నది చెప్పావా?"

"లేదక్కా."

"మరేం చెప్పావు?"

"ఉన్నదే చెప్పాను. ఆ డబ్బు మాది కాదని. చూపించడానికి తెచ్చి, చూపించి, ఇచ్చేశామని."

టీచర్ తల పట్టుకుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ఇది చించుకుని పళ్ళెంలో పెట్టి ఇచ్చొచ్చింది.

"పిచ్చిదానివా? పది రోజులు నీకు నూరిపోశానే."

"వెళ్ళేసరికి చలికి నోట మాట రావట్లేదక్కా. ఆవిడ చూసింది. లేచి, తన కాళ్ళ దగ్గరున్న హీటరు తెచ్చి నా దగ్గర పెట్టింది. ముందు వేడెక్కు, తర్వాత మాట్లాడదాం అంది. ఇక్కడికొచ్చాక నన్నెవరూ అలా అనలేదు. ఆ తర్వాత అబద్ధం నోటికి రాలేదు."

"హీటరు పెడితే జీవితం రాసిచ్చేస్తావా?"

"ఆవిడ కూడా బాధపడిందక్కా. విన్నాక వినలేదనలేను, పైవాళ్ళకు చెప్పక తప్పదు అంది. నీ అంతట నువ్వే మానేసి వెళ్ళిపో, అప్పుడు నీ మీద మచ్చ ఉండదు అంది."

టీచర్ గొంతులోకి ఒక ప్రశ్న వచ్చింది. అడగకూడదని తెలుసు. అయినా అడిగింది.

"నా గురించి ఏమైనా..."

"నీ మాటెందుకు తెస్తానక్కా." ఆ పిల్ల ఏమాత్రం నొచ్చుకోకుండా అంది. నొచ్చుకుని ఉంటే బాగుండేది. టీచర్‌కు సిగ్గేసింది. ఆ సిగ్గు మళ్ళీ కోపంగా మారింది.

"అంత చలిలో కోటు లేకుండా ఎందుకెళ్ళావసలు? కోటుండుంటే వణికేదానివి కాదు, ఆవిడ హీటరు పెట్టేది కాదు, నువ్వు..."

"పొద్దున పూట రమ్మంది అక్కా. పొద్దున నీ వంతు కదా."

టీచర్ కోటు పిన్నీసు బిగించుకుంది. అడిగితే ఇచ్చేదాన్ని కదే అని నోటిదాకా వచ్చింది. ఇచ్చేదా? ఒక రోజు కూలి పోతుందని విసుక్కునేది, లెక్చరు ఇచ్చేది, చివరికి ఇచ్చేది. ఆ పిల్లకు అదంతా తెలుసు. అందుకే అడగలేదు.

బస్సు వచ్చింది. డ్రైవరు దిగి పెట్టెను పక్కన అరలోకి తోశాడు. టీచర్ కోటు విప్పబోయింది.

"తీసుకుపోవే. సగం నీది."

"మన ఊళ్ళో దీనితో ఏం చెయ్యను, దిష్టిబొమ్మకు తొడగాలి. ఉంచుకో అక్కా. ఇక వంతులు లేవు, హాయిగా వేసుకో. చదువు మాత్రం పూర్తి చెయ్యి."

కావలించుకుందామంటే తల ఆ పిల్ల భుజం దాకా కూడా రాలేదు. పిన్నీసు గుచ్చుకుంటుందేమోనన్న భయం ఒకటి. ఇద్దరూ సరిగ్గా పట్టుకోకముందే డ్రైవరు హారను కొట్టాడు. పొడుగుపిల్ల వంగి బస్సెక్కింది. అద్దం మీద ఆవిరి పట్టడంతో ఏ సీట్లో కూర్చుందో కూడా తెలియలేదు.

ఆఫీసుకు పోయే బస్సు ఆలస్యంగా వచ్చింది. ఈవేళ అక్కడా చీవాట్లు తప్పవు. టీచర్ వెనక సీట్లో కూలబడింది. తెలివితక్కువది, బుద్ధిలేనిది, ఏం చెప్పినా తలకెక్కదు అని తిట్టుకుంటూనే ఉంది. తిట్లు ఆగితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. చేతులు కొంకర్లు పోతుంటే ఎడమ జేబులో పెట్టింది. కాగితంలో చుట్టిన దుంప తగిలింది. ఊరు విడిచి పోయే రోజున కూడా పొడుగుపిల్ల కట్టడి తప్పలేదు.

రెండో చెయ్యి కుడి జేబులో పెట్టింది. అందులో ఆ పిల్ల తినాల్సిన దుంప, ఇంకా వేడిగానే ఉంది.